బాయిలర్ కాపలా

ఆ చలికాలం నా డైరీలో చాలా పేజీల పైన, తేదీ పక్కన, ఒకే ఒక్క మాట ఉంటుంది. చల్లగా. చల్లగా. కాస్త నయం. మళ్ళీ చల్లగా. ఎవరైనా తెరిచి చూస్తే వాతావరణం రాసుకున్నాననుకుంటారు. అవి మా అక్క కూతురి పాదాలు.

పిల్ల నెల తక్కువలో పుట్టింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంచి ఇంటికి పంపారు. "అన్నీ బాగున్నాయి, బరువే పెరగాలి. పాలు, వెచ్చదనం, ఈ రెండే మందు" అంది డాక్టరు. పాల సంగతి అక్క చూసుకుంటుంది. బావకి సముద్రంలో చమురు తీసే రిగ్ మీద డ్యూటీ, నెలకోసారి గానీ ఒడ్డుకి రాడు. కాబట్టి వెచ్చదనం మా అందరి పని అయింది.

దోహాలో చలి అంటే ఊళ్ళో నవ్వుతారు. ఫోన్లో మా పిన్ని, "ఎడారిలో చలేంటే! ఏసీ కట్టేసుకోండి, పోతుంది" అని తీర్పు చెప్పేసింది. ఆవిడకి ఎలా చెప్పను? ఇక్కడి ఇళ్ళు వేడిని బయటికి తోలడానికే కట్టినవి. ఎత్తయిన గదులు, నేలంతా టైల్స్. జనవరిలో ఉత్తరపు గాలి రెండు రోజులు ఆగకుండా వీచిందంటే ఆ టైల్స్‌లోని చలి చెప్పుల్లోంచి ఎక్కి మోకాళ్ళ దాకా వస్తుంది. అల్ హిలాల్‌లో మేముండేది ఒక పాత విల్లా కింది భాగం. పైభాగంలో హైదరాబాద్ ఆంటీ వాళ్ళుంటారు. ఇంటి వైరింగు ఇంటికంటే పాతది. అక్క గదిలో హీటరు పెట్టిన సమయానికి ఎవరైనా గీజరు వేస్తే చాలు, రెండు అంతస్తుల్లోనూ కరెంటు ఠక్కున పోయేది. మరుక్షణం మెట్ల మీంచి ఆంటీ గొంతు.

"ఎవరమ్మా మళ్ళ హీటర్ పెట్టిన్రు? నా వాషింగ్ మెషీన్ల బట్టలన్నీ నీళ్ళల్ల మునిగి కూసున్నయ్!"

అక్క హీటరు ఆపేసేది. నేను పిల్ల పాదాలు ముట్టుకుని చూసేదాన్ని. డైరీలో రాసుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా మామ్మ విజిట్ వీసా మీద దిగింది. మామ్మంటే నాన్నగారి అమ్మ. మొదటిసారి విమానం ఎక్కిన మనిషి. బాలింతకి కట్టే నడికట్టు బట్ట, సొంఠి, సాంబ్రాణి, ఎందుకో మరి కొబ్బరి పీచు ఒక సంచీడు తెచ్చింది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని పాదాలు పట్టుకుని చూసింది. నేను చూసినట్టే. ఆ వెంటనే అడిగింది.

"నీళ్ళు దేని మీద కాస్తున్నారు?"

"గీజర్ ఉందిగా మామ్మా."

"కరెంటు నీళ్ళా? ఆయ్, బాగుంది సంబడం! గోడలోంచి వచ్చిన వేడి ఒంట్లో నిలుస్తుందేంటే? బాలింతకీ చంటిదానికీ నీళ్ళు కట్టెల మీద కాగాలి. మన పెరట్లో రాగి బాయిలర్ ఉంటే నాకీ దిగులే లేకపోను."

మామ్మ అడిగింది రెండు బిందెల వేడినీళ్ళు. కానీ ఆ మాట నాన్న చెవిన పడింది. నాన్న కళ్ళు పెరటి వైపు తిరిగాయి. పెరడంటే ఇంటి వెనక ప్రహరీకీ అక్క గది కిటికీకీ మధ్య ఉన్న సిమెంటు జాగా.

"నీళ్ళెందుకమ్మా, గదే కాద్దాం" అన్నాడు నాన్న.

మా నాన్న పైపుల వర్క్‌షాపులో పని చేస్తాడు. పైపు ఫిట్టరుగా చేరి, ఇప్పుడు అతికిన పైపులను పరీక్షించే పనిలో ఉన్నాడు. ఒక్కమాటలో చెప్పాలంటే లీకులు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. పాతికేళ్ళుగా పైపులతోనే పని. ఇంట్లో కూడా వారానికోసారి గ్యాస్ బండకి సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమోనని వంగి చూస్తాడు. మేం కొత్త నీళ్ళ సీసా కొన్నా తలకిందులు చేసి ఊపి చూసిగానీ మాకివ్వడు.

వర్క్‌షాపులో పక్కన పడేసిన పైపు ముక్కలకి పర్మిషన్ అడిగి, గేట్ పాస్ రాయించుకుని, వారం తిరిగేలోపు బాయిలర్ చేసి పికప్‌లో తెచ్చాడు. ఒక లావుపాటి గొట్టంలో సన్నటి గొట్టం. మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. పైన పొగ పోయే గొట్టం. మా మామ్మ పెరట్లోని రాగి బాయిలర్‌కి ఇనప తమ్ముడన్నమాట. అక్కడి నుంచి రెండు పైపులు కిటికీ పక్క రంధ్రంలోంచి గదిలోకి వెళ్ళి, గోడకి బిగించిన పాత లారీ రేడియేటరులో కలుస్తాయి. వేడినీళ్ళు వాటంతటవే పైకి ఎక్కి, గదిలో వేడి వదిలి, చల్లబడి కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆంటీ వాషింగ్ మెషీన్ ఆగదు.

ఇక వెలిగించడమే అనుకున్నాం. నాన్న ఒప్పుకుంటే గదా! "టెస్ట్ కాకుండా ఎలా?" అన్నాడు. చేతిపంపు తెచ్చి పైపుల్లో నీళ్ళు బిగబట్టి, ఒత్తిడి చూపించే మీటరు పెట్టి, అరగంట సేపు దాని ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు. పరీక్షకి ఒక సాక్షి ఉండాలట. నన్ను నిలబెట్టాడు. చలిలో శాలువా కప్పుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, కదలని ముల్లుకి నేను సాక్ష్యం. అరగంట అయ్యాక నాన్న చాక్‌పీసు తీసి నిప్పు గది తలుపు మీద పెద్ద అక్షరాలతో "టెస్ట్ ఓకే" అని రాశాడు. ఆ తలుపు చూడాలి మీరు. చుట్టూ వేడికి ఓర్చే తాడు దిగ్గొట్టి, నాలుగు బోల్టులతో బిగించాడు. వెంట్రుక దూరదు.

మామ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఏరా అబ్బాయ్, దీనికి ముక్కేదిరా?"

"పొగ గొట్టం ఉంది కదమ్మా."

"అది నోరు. ముక్కేదని అడుగుతున్నా."

"ఇదిగో, ఇక్కడ చిన్న రంధ్రం వదిలా కదా. అంతకంటే ఎక్కువ గాలి పెడితే వేడంతా గొట్టంలోంచి పోతుందమ్మా. నీకు తెలీదు."

"అవున్లే. నలభై ఏళ్ళు నీళ్ళు కాచినదానికి నాకేం తెలుసు!"

నాన్న చూపించిన రంధ్రంలో నా పెన్సిలు పట్టింది. పెట్టి చూశాను.

నాన్న పని చేసేచోట మంట దగ్గర పని జరిగినప్పుడల్లా ఒక మనిషిని ఊరికే నిప్పుని కనిపెట్టుకుని ఉండమంటారు. ఆ మనిషిని ఫైర్ వాచ్ అంటారు. మా ఇంట్లో ఆ డ్యూటీ నాకు పడింది. ఇసక బకెట్టు, మంటలార్పే ఎర్ర సిలిండరు, ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. "మాట్లాడకూడదు, నిద్రపోకూడదు, వదిలి వెళ్ళకూడదు" అన్నాడు నాన్న. మాట్లాడకూడదు అనే ఉద్యోగం లోకంలో ఉందని నాకప్పటి దాకా తెలీదు. దేవుడు నాకోసమే చేసి పెట్టాడనిపించింది. దుకాణంలో ఒకటి అడిగితే ఇంకొకటి ఇచ్చినా నోరెత్తకుండా ఇంటికి తెచ్చుకునే మనిషిని నేను. తెల్లవారుజామున బాయిలర్ పక్కన కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. ఆ పుస్తకాలేమిటో ఇంట్లో ఎవరికీ తెలీదు. బడిలో నేర్చుకున్న అరబ్బీ మర్చిపోకుండా, లైబ్రరీ నుంచి చిన్నపిల్లల అరబ్బీ కథల పుస్తకాలు తెచ్చి తెలుగు పుస్తకాల వెనక దాచుకునేదాన్ని. చదవడమే. ఒక్క మనిషితోనూ ఆ భాషలో మాట్లాడింది లేదు.

బాయిలర్ మాత్రం అనుకున్నట్టు నడవలేదు. తలుపు తీసి కట్టెలు వేస్తున్నంత సేపూ భగభగా మండేది. బోల్టులు బిగించగానే మంట కూర్చుండిపోయి, గొట్టంలోంచి తెల్లటి చిక్కటి పొగ లేచేది. నీళ్ళు గోరువెచ్చన. రేడియేటరు మీద చెయ్యి పెడితే, ఉందా లేదా అన్నంత వేడి. డైరీలో "కాస్త నయం" అని రాసింది ఆ రోజుల్లోనే. నాన్న రంగు వేసిన చెక్కలన్నీ ఏరి పారేసి, సరుకుల కింద వచ్చే ఉత్త ప్యాలెట్ చెక్కలే వాడాడు. అయినా అదే పొగ. గాలి ఎటు వీస్తే అటు వెళ్ళేది. ఒకరోజు పైకి, ఒకరోజు ప్రహరీ దాటి పక్క విల్లాలోకి.

"బిడ్డా," అంటూ ఆంటీ బాల్కనీలోంచి తొంగి చూసేది, "నా బట్టలన్నీ తందూరి వాసనొస్తున్నయ్. మా ఆయన ఆఫీసుకు పోతే అందరు, ఏం తిన్నవ్ భాయ్ అని అడుగుతున్నరంట!"

నేను తల వంచుకుని నవ్వేదాన్ని. జవాబు చెప్పేదాన్ని కాదు. డ్యూటీలో ఉన్నాను కదా.

పక్క విల్లా మా ఇంటి ఓనరుది. ముసలాయన. అందరూ అర్బాబ్, అంటే యజమాని, అంటారు. ఆయన్ని నేను ప్రహరీ మీంచి కనిపించే తలగుడ్డ వరకే ఎరుగుదును. ఒక గురువారం మధ్యాహ్నం ఆయన వాచ్‌మన్ గేటు కొట్టాడు.

"అర్బాబ్ బహుత్ గుస్సా. కల్ జుమ్మా నమాజ్ సే పెహ్లే యే హటావ్" అన్నాడు బాయిలర్ వైపు చెయ్యి చూపించి. రేపు మధ్యాహ్నం నమాజు లోపల దీన్ని తీసేయమని.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఎవరూ సరిగ్గా తినలేదు.

"వెళ్ళి అడగరాదూ? నెల తక్కువ పిల్ల ఉందని చెప్తే కరగడా?" అంది అమ్మ. అమ్మ నర్సు. హాస్పిటల్లో డాక్టర్లనే గదమాయించే మనిషి, ఆ రోజు మాత్రం నెమ్మదిగా మాట్లాడింది.

"నా అరబ్బీ అంతా యల్లా, ఖలాస్. కానివ్వండి, అయిపోయింది, అంతే. దాంతో పైపు ఎత్తించొచ్చుగానీ మనిషిని బతిమాలడం ఎలా?" అన్నాడు నాన్న. "పోన్లే. పొద్దున చర్చి నుంచి రాగానే విప్పేస్తాను."

అమ్మ నా వైపు చూసింది. నేను కంచం వైపు చూశాను. ఎవరూ ఏమీ అడగలేదు. నన్ను అడగదగ్గ సంగతి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అక్క మాత్రం పిల్ల కాలికి జారిపోయిన మేజోడు మళ్ళీ తొడిగింది. ఆ మేజోళ్ళు ఎప్పుడూ జారిపోయేవి. అంత చిన్న పాదాలకి సరిపడేవి దొరకలేదు. తొడిగి, పాదాన్ని గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుంది.

లేచి వెళ్ళి డైరీలో అరబ్బీలో ఆరు వాక్యాలు రాశాను. కాగితం చింపి వాచ్‌మన్ చేతికిద్దామని ఆలోచన. మాట్లాడాలని కాదు.

మర్నాడు శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు, చర్చి కూడా ఆ రోజే. అమ్మా నాన్నా ప్రొద్దుటి ఆరాధనకి వెళ్ళారు. నేను ఆఖరిసారి ఫైర్ వాచ్‌లో కూర్చున్నాను. మామ్మ కొబ్బరి పీచు ఒక్కొక్క పోగే తీసి లోపలికి తోస్తోంది. నా ఒళ్ళో మేకపిల్ల బొమ్మ ఉన్న కథల పుస్తకం, అందులో మడిచిన కాగితం. గేటు తెరుచుకుంది. అర్బాబ్! పొడుగాటి మనిషి, గోధుమరంగు ఉన్ని జుబ్బా, భుజాన శాలువా, చేతిలో జపమాల. వెనకాల వాచ్‌మన్.

గబుక్కున లేచాను. పుస్తకం కింద పడింది. ఆయన వంగి తీసి, అట్ట చూసి, "ఇది ఎవరు చదువుతున్నారు?" అన్నాడు అరబ్బీలో.

"నేను."

బడి బయట నా నోట్లోంచి వచ్చిన మొదటి అరబ్బీ మాట అదే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ తర్వాత ఆరు వాక్యాలూ ఎగిరిపోయాయి. కాగితం పుస్తకంలో ఉంది, పుస్తకం ఆయన చేతిలో ఉంది. నాలుగో వాక్యం ఒక్కటే గుర్తుకొచ్చింది. "పాప పాదాలు వెచ్చబడటం లేదు."

ఆయన నా వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. లోపల అక్క పిల్లని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. ఆయన నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బాయిలర్ తలుపు తీయమన్నట్టు సైగ చేశాడు. బోల్టులు విప్పి తీశాను. మంట లేచింది. ముయ్యమన్నాడు. మూశాను. పొగ లేచింది. తియ్యి. మంట. ముయ్యి. పొగ. మూడోసారి ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"ఈ నిప్పు గొంతు ఎవరు పట్టుకున్నారు? ఇది చేసిందెవరు?"

"మా నాన్న."

"ఏం పని చేస్తాడు?"

"పైపుల్లో లీకులు లేకుండా చూస్తాడు."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. వాచ్‌మన్ కంగారుగా ముందుకొచ్చాడు.

"ఏమంటున్నాడే?" అంది మామ్మ నా చెంగు లాగి.

"నిప్పుకి ఊపిరాడట్లేదంటున్నారు మామ్మా."

"చూశావా! నేను మొదటి రోజే చెప్పానని చెప్పు. చెప్పవే, సిగ్గుపడతావేంటి!"

చెప్పాను. అర్బాబ్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని మామ్మకి తల వంచాడు. ఆ తర్వాత నాకు తప్పించుకునే దారి లేకపోయింది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ కూడా ఆరుబయట కట్టెల మీదే నీళ్ళు కాచేదని ఆయన అన్నాడు. ఏ కట్టె అని మామ్మ అడిగింది. ఎడారి తుమ్మ అన్నాడు. మాకు సరుగుడు, కొబ్బరి మట్టలు అంది మామ్మ. సరుగుడుకి నాకు అరబ్బీ తెలీక, "సముద్రం పక్కన పెరిగే చెట్టు" అని చెప్పాను. ఆయనకి సముద్రం పేరు వినగానే ఏవో చేపల కబుర్లు గుర్తొచ్చాయి. పావుగంట సేపు ఇద్దరు ముసలివాళ్ళ మధ్య నిలబడి మాటలు అటూ ఇటూ మోశాను. అంతసేపు నేను మాట్లాడటం మామ్మ కూడా అదే మొదటిసారి చూడటం.

లేస్తూ ఆయన అన్నాడు: "సాయంత్రం అసర్ నమాజు దాకా చూస్తాను. పొగ తగ్గితే ఉంచుకోండి. తగ్గకపోతే తీసేయాలి. నా ఇంట్లోనూ ఉబ్బసం మనిషి ఉంది."

అమ్మా నాన్నా చర్చి నుంచి రాగానే నాన్న స్పానర్లు చేత పట్టుకున్నాడు, విప్పడానికి సిద్ధంగా. జరిగిందంతా చెప్పాను. అమ్మ, "నువ్వా? నువ్వే మాట్లాడావా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరం ఉందేమోనని. నాన్న మాత్రం తలుపు వైపే చూస్తున్నాడు.

"రంధ్రాలు పెట్టాలా? దీనికా? ఇది టెస్ట్ పాసైన జాబ్."

"నాన్నా," అన్నాను. అరబ్బీ కంటే ఇది కష్టంగా ఉంది. "నువ్వు టెస్ట్ చేసింది నీళ్ళు కారతాయా అని. నీళ్ళు కారలేదు. నిప్పుకి గాలి కావాలి కదా."

మామ్మ నోరు తెరిచింది. నాన్న చెయ్యెత్తాడు. "అమ్మా, ప్రభువు తోడు, నువ్వు మాత్రం ఒక్క ముక్క మాట్లాడకు. నేను పనికి పర్మిట్ రాసుకోవాలి."

నిజంగానే రాశాడు. పాత క్యాలెండరు వెనక: పని, తలుపుకి రంధ్రాలు వేయడం; స్థలం, పెరడు; ఫైర్ వాచ్, నా పేరు. డ్రిల్లు పట్టుకుని "టెస్ట్ ఓకే" కింద చాక్‌పీసుతో మూడు సున్నాలు గీశాడు. గీసి ఆగిపోయాడు. పాతికేళ్ళలో పాసైన దానికి ఒక్క రంధ్రం వేసిన మనిషి కాదు మరి. నేను ఇసక బకెట్టు దగ్గరికి లాక్కున్నాను. ఆయన ఒక్కసారి నన్ను చూసి, డ్రిల్లు ఆన్ చేశాడు.

నిమ్మకాయంత రంధ్రాలు మూడు. వాటి మీద పక్కకి జరిగే రేకు ఒకటి, గాలి ఎంత కావాలో అంత పెట్టుకోవడానికి. లీకైనా సరే, తన చెప్పుచేతల్లో ఉండాలి ఆయనకి. మళ్ళీ వెలిగించి తలుపు మూశాం. లోపల నిప్పు ఒక పెద్ద ఊపిరి తీసుకున్నట్టు చప్పుడు చేసింది. గొట్టం పైకి చూశాం. తెల్లటి పొగ సన్నబడి, ఇంకా సన్నబడి, గొట్టం పైన గాలి వణకడం మాత్రం మిగిలింది.

బాల్కనీలోంచి ఆంటీ తొంగి చూసింది. "అయ్యో, ఆర్పేసిన్రా అన్నా? పాపం పసిబిడ్డ! నేనేదో నవ్వులాటకన్న గానీ..."

"లేదక్కా," అన్నాడు నాన్న, గొట్టం వైపు చూస్తూనే, "ఇప్పుడే మండుతోంది."

అసర్ నమాజు తర్వాత ప్రహరీ మీద తలగుడ్డ కనిపించింది. ఆయన గొట్టం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, పుస్తకం తెరిచినట్టు రెండు అరచేతులూ పట్టి, చదువుకో అన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు.

"ఇటు రావే" అని అక్క లోపలి నుంచి పిలిచింది. గదిలో అడుగు పెట్టగానే శాలువా తీసేయాలనిపించింది. రేడియేటరు మీద మామ్మ పాత చీర గుడ్డలు ఆరేసి ఉన్నాయి. పిల్ల మేజోళ్ళు రెండూ తన్నేసి, పొత్తిళ్ళలోంచి కాళ్ళు బయటపెట్టి, వేళ్ళు విడదీసి పడుకుంది. నా చేతులు కడుక్కుని వచ్చి పాదాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నవి నా చేతులే. పిల్ల ఉలిక్కిపడి కాళ్ళు లాక్కుంది.

ఆ రోజు పేజీ పైన "వెచ్చగా" అని రాశాను.

మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ ఎడారి తుమ్మ కట్టెల మోపు ఒకటి గేటు దగ్గర దింపి, "అర్బాబ్ నే భేజా" అని, ఆయనే పంపాడని చెప్పి నవ్వాడు. బాలింత నలభై రోజులూ ఆ బాయిలర్ మండింది. పిల్లకి బుగ్గలు వచ్చాయి. ఇప్పుడు ఆ డైరీ తిరగేస్తుంటే ఒక సంగతి కనిపిస్తోంది. "వెచ్చగా" తర్వాతి పేజీల్లో తేదీ పక్కన ఏమీ లేదు. పాదాలు చూసి రాయడం మర్చిపోయానన్నమాట. తీరిక ఎక్కడిది? పుస్తకం తెరిచి రెండు పంక్తులు చదివానో లేదో, మామ్మ ప్రహరీ దగ్గర స్టూలెక్కి నిలబడి కేకేసేది: "ఇలా రావే పిల్లా! ఆయన ఏదో అంటున్నాడు!"